పసుపు కాగితాల అక్క

పోయిన వారం నాగోల్‌లో మా ఇంటికి ఒక సర్వే అమ్మాయి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, మొహం నిండా ఎండ. "ఆడవాళ్ల ఆరోగ్యం గురించి మేడమ్. ఒక అరగంట మాట్లాడాలి. మీ ఒక్కరితోనే" అంది. ఆ "ఒక్కరితోనే" వెనక ఏముంటుందో నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ అదే మాట పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న మెట్లన్నీ ఎక్కి దిగినదాన్నే. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. భర్త కోపం గురించి నాలుగో ప్రశ్న అడుగుతుండగా మా ఆయన పేపరు వెతుక్కుంటూ హాల్లోకి వచ్చాడు. ఆ పిల్ల గొంతు కూడా మార్చకుండా, "సరే మేడమ్, మరి పప్పుల చింతపండు ఎప్పుడేస్తరు? ఉడకకముందా, ఉడికినంకనా?" అంది.

నాకు నవ్వాగలేదు. మా ఆయన పేపరు సంగతి మరిచిపోయి, కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్లమ్మ పప్పు చేసే విధానం పదిహేను నిమిషాలు వివరించాడు. ఆయన లేచి వెళ్లాక, ఈ ప్రశ్న నీకెవరు నేర్పారని ఆ పిల్లని అడిగాను.

"ట్రైనింగ్‌ల ఒక పెద్దామె చెప్పేది మేడమ్. మజ్జల ఎవరన్న ఒస్తే గిదే అడుగుండ్రి, ఇగ మీకు ఫికర్ లేదు అనేది. పోయినేడు చనిపోయింది పాపం."

నవ్వుతున్నదాన్ని నవ్వుతున్నట్టే ఉండిపోయాను. తర్వాత కళ్లు తుడుచుకుంటుంటే, తన నాలుగో ప్రశ్నే నన్ను ఏడిపించిందనుకుని ఆ పిల్ల గబగబా బ్యాగు వెతికి, సహాయ కేంద్రం నంబరున్న చీటీ నా గుప్పిట్లో పెట్టింది. మా ఆయన పప్పు గురించి తప్ప ఇంకెవరినీ ఏ విధంగానూ బాధపెట్టడని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ పెద్దామెని మేం అక్క అనేవాళ్లం. అప్పటికి నలభై దాటినట్టుండేది. నల్లగొండ వైపు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికుండేది. తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒకరోజు బంద్, ఇంకో రోజు రాస్తారోకో, ఏదీ లేని రోజు రేపు ఏముంటుందో అన్న చర్చ. మా ప్రొఫెసర్ మేడమ్ భర్తల చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తోంది. నేను ఆవిడ దగ్గర ఎం.ఫిల్. విద్యార్థిని. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపడానికి ఇద్దరిద్దరిని జట్టు కట్టినప్పుడు అక్క నా పాలబడింది, లేదా నేను ఆమె పాలబడ్డాను.

మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గుంటూరు దిక్కుదానివా?" అంది.

"మా అమ్మానాన్నలు అటువైపు నుంచి వచ్చారండీ. నేను కొత్తపేటలోనే పుట్టాను."

"గట్లయితే నీది పుట్టుక తెలంగాణ, పప్పు ఆంధ్ర. నడువు."

జుట్టు ముడిలో మూడు పెన్నులు గుచ్చుకుని, నాలుగో పెన్ను కోసం నన్ను అడిగేది. ఏ ఇంటికెళ్లినా ముందు మంచినీళ్లడిగేది. దాహం ఉన్నా లేకపోయినా సరే. నీళ్లిచ్చినవాళ్లు వెంటనే పొమ్మనలేరని ఆమె లెక్క. దాని ఫలితంగా మధ్యాహ్నానికల్లా మేమిద్దరం ఏ ఇంట్లో ఏమని అడిగి బాత్రూమ్‌కి వెళ్లాలా అని పరేషాన్ అయ్యేవాళ్లం. ముసలత్తలందరూ ఆమెకి పెద్దమ్మలు. మగవాళ్లందరూ తమ్ముళ్లు. తెల్ల మీసాలున్న ఒక రిటైర్డ్ ఆఫీసరుని "తమ్మీ, జర పక్కకు జరుగు" అంటే ఆయన నిజంగానే జరిగాడు. జరిగిన తర్వాత తనెందుకు జరిగాడో ఆయనకే అర్థం కాలేదు.

మేడమ్ తయారు చేసిన ఫారంలో భాష అక్కకి అస్సలు పడేది కాదు. "మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఏనాడైనా నెట్టుట, చెంపపై కొట్టుట, చేయి మెలిపెట్టుట వంటి చర్యలకు పాల్పడియున్నారా?" అని ఉండేది అందులో. ఉన్నది ఉన్నట్టు చదవాలని మేడమ్ ఆజ్ఞ. అక్క దాన్ని రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు ఒక్క ఊపిరిలో చదివేసి, పెన్ను దించి, "అంటే నూకిండా? కొట్టిండా? చెయ్యి తిప్పిండా?" అనేది. ఎదుటామె మొదటి మాటకి తెల్లమొహం వేసి, రెండో మాటకి తల దించుకునేది. మేం రెండోదానికి వచ్చిన జవాబునే రాసుకునేవాళ్లం.

ఈ పరిశోధనలో ఒక పద్ధతి ఉంది. ప్రశ్నలడిగేటప్పుడు ఆ మనిషి ఒక్కతే ఉండాలి. అత్త విన్నా, ఆడపడుచు విన్నా, మేం మెట్లు దిగాక ఆ మాటలకి దెబ్బలు తినేది ఆమే. అందుకే బయట ఎక్కడా "దెబ్బలు" అన్న మాట ఎత్తకూడదు, ఆరోగ్య సర్వే అని చెప్పాలి. మధ్యలో ఎవరైనా వస్తే అసలు ప్రశ్నలున్న తెల్ల ఫారం కిందకి దాచి, పైనున్న పసుపు కాగితం తియ్యాలి. పసుపు కాగితంలో ఉత్తుత్తి ప్రశ్నలుంటాయి. "వారమునకు ఎన్ని పర్యాయములు ఆకుకూరలు భుజింతురు?" అని అదీ మేడమ్ రాసిందే.

అక్క రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు ఒక అత్తగారు ఆకుకూరల ప్రశ్నకి ఆవలించి, కాగితంలోకి తొంగిచూడబోయింది. మెట్లు దిగుతూ అక్క ఉడికిపోయింది.

"గీ ప్రశ్నకు అత్తకు నిద్రన్న రావాలె, అనుమానమన్న రావాలె. అత్తకు కోపమొచ్చేది ఏదన్న అడుగాలె. కోపమొస్తే ఇగ మనల్ని చూడది, పక్కింటామె పప్పును చూస్తది."

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని తనే పసుపు కాగితం తయారు చేసింది. మొత్తం పప్పు మీదే. చింతపండు ముందేస్తారా తర్వాతేస్తారా, పోపులో వెల్లుల్లి దంచుతారా కోస్తారా, పప్పు మెత్తగా ఉండాలా పలుకుగా ఉండాలా, మీ కోడలు చేసే పప్పులో మీకు కనబడే లోపమేంటి. ఆ చివరి ప్రశ్నకి సగం పేజీ ఖాళీ వదిలింది. అదీ చాలని ఇళ్లలో వెనకవైపు కూడా రాసేది.

మా పద్ధతి అలా కుదిరింది. అక్క హాల్లో పసుపు కాగితంతో అత్తగారిని పట్టేది, నేను వంటగదిలో తెల్ల ఫారంతో కోడలి దగ్గర కూర్చునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో భీమవరం అత్తగారు చింతపండు తర్వాతే వెయ్యాలంటే, ఎదురింటి భువనగిరి అత్తగారు గుమ్మంలోంచే, "గట్లేస్తే పప్పు పచ్చివాసనొస్తది" అంది. "మీకు పచ్చి తెలుసో పండు తెలుసో, అన్నీ మాకే చెప్తారేంటండీ" అని ఈవిడ. "మా నీళ్లు మీరు తాగుడే గాకుంట మా పప్పుకు వంకలా?" అని ఆవిడ. పై అంతస్తు వాళ్లు దిగారు, కింది వాళ్లు ఎక్కారు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అన్న మాట ఆరోజు ఆ వరండాలోనే తేలిపోతుందేమో అనిపించింది. మధ్యలో అక్క కూర్చుని, "గీ మాట గూడ రాసుకోవాల్నా పెద్దమ్మా?" అంటూ రాస్తూనే ఉంది. నేను ఆ అపార్ట్‌మెంట్‌లో ఆ ఒక్క పూటలో మూడు ఫారాలు పూర్తి చేశాను.

దీనివల్ల ఒక ఘోరం కూడా జరిగింది. నెలాఖరున ఫారాలు ఆఫీసులో ఇచ్చేటప్పుడు నేను తెల్లవీ పసుపువీ వేరు చెయ్యకుండా ఒకటే కట్ట కట్టి ఇచ్చాను. కంప్యూటర్లో ఎక్కించే కుర్రాడు ఏది ఏ రంగో చూడకుండా ఎక్కించాడు. మేడమ్ సెమినార్‌లో తెర మీద "హింసకు దారితీసిన కారణములు" అని పట్టిక వేసింది. మద్యం, అనుమానం, పిల్లల విషయం, దాని కింద "చింతపండు ముందుగా వేయుట". ముందు వరసలో ఒక పెద్దమనిషి అద్దాలు సవరించుకుని దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. సాంస్కృతికంగా ఇది చాలా లోతైన అంశమని, దీని మీద విడిగా పరిశోధన జరగాలని కూడా అన్నాడు. మేడమ్ మా వైపు చూడలేదు. చూసి ఉంటే మేం ఈపాటికి బూడిదే.

బస్సులో నేను కడుపు పట్టుకుని నవ్వుతుంటే అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, "మస్తు నవ్వకు" అంది. "గా తెల్ల కాయితాలు మల్ల సదువు. పప్పుల ఉప్పెక్కువైందని దెబ్బలు దిన్నోళ్లు ఎందరున్నరో చూడు. మేడమ్ పట్టిక తప్పేం గాదు."

నేను మళ్లీ చదివాను. అక్క అన్నది నిజమే.

ఇంక ఎల్‌బీ నగర్ ఇంటి సంగతి చెప్పాలి. చౌరస్తాకి దగ్గర్లో సందులో ఉంది ఆ ఇల్లు. కింద ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, పైన కాపురం. దుకాణం ఆ ఇంటాయనదే. పైకి వెళ్లే మెట్లు దుకాణం పక్కనుంచే. ఎవరు ఎక్కినా దిగినా ఆయన కంట్లో పడాల్సిందే. పైన గుమ్మం దగ్గర ముక్కాలిపీట వేసుకుని ఆయన తల్లి. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, బిగుసుకుపోయి ఉంటుంది. అక్క తన పప్పు ప్రశ్నలన్నీ వరసగా ఆవిడ మీద వదిలింది.

"పప్పు ఎట్ల చేస్తరు పెద్దమ్మా?"

"అందరు చేసినట్టే."

"చింతపండు ముందా, తర్వాతా?"

"ఏమో. యాదికి లేదు."

"మీ కోడలు పప్పుల లోపమేంది?"

"ఏం లేదు."

నా జన్మలో కోడలి పప్పులో లోపం లేదన్న అత్తని అదే చూడటం. అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. అప్పుడు కోడలు మంచినీళ్లు తెచ్చింది. పాతికేళ్లుంటాయి. కొంగు పట్టుకుని నాలుగేళ్ల కూతురు. ఎడమ మణికట్టు వాచి, ఆ చేతికి గాజులు లేవు. నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, అత్తకి వినపడకుండా, "మల్ల రాండ్రి" అంది.

మళ్లీ వెళ్లాం. మళ్లీ అదే ముక్కాలిపీట, అదే "ఏమో". ఒక ఇంటికి మూడుసార్లకి మించి వెళ్లకూడదని రూలు. మూడుసార్లయ్యాక "పూర్తి కాలేదు" అని రాసి వదిలెయ్యాలి. మూడోసారి మెట్లు దిగి నేను ఆ మాట రాయబోతే అక్క నా పెన్ను లాక్కుని తన ముడిలో గుచ్చుకుంది.

"రూలు మనల్ని రమ్మన్లే. ఆమె రమ్మన్నది."

నాలుగోసారి వెళ్లాం. అయిదోసారి అక్క పద్ధతి మార్చింది. కూర్చుని, నీళ్లు తాగి, ఎటో చూస్తూ, "మీ దిక్కు పప్పు నీళ్లు నీళ్లుంటదంట గద పెద్దమ్మా. గిన్నెల చెయ్యి పెట్టి గింజలు ఎతుక్కోవాలెనంట" అంది.

ముసలామె ముక్కాలిపీట మీంచి లేచింది. "ఎవ్వలన్నరు?"

"బయట అనుకుంటున్నరు."

"నోటితోని చెప్పేది గాదు పప్పు. ఇన్నూరు మందికి ఒక్క చేతితోని ఒండిన. పెండ్లిళ్లకు నన్ను పిలిపిచ్చుకపోయేటోళ్లు. నీళ్లు నీళ్లంట!"

అక్క కళ్లు మెరిశాయి. సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. మర్నాడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన చెప్పడమన్నమాట.

"రేపు చౌరస్తాల ఒండి చూపెట్టు పెద్దమ్మా. తెలంగాణకు నీ చెయ్యి అక్కరున్నది."

కింద దుకాణంలో కొడుకు మెడలో గులాబీ కండువా ఉంది, చుట్టూ నలుగురు దోస్తులున్నారు. వాళ్ల ముందే అక్క, "తమ్మీ, రేపు మీ అమ్మను పంపుతవా, లేకుంటే ఉద్యమానికి ఒద్దంటవా?" అంది. ఆయన వద్దనలేకపోయాడు. మర్నాడు ఉద్యమానికి అమ్మని పంపి, తను సగం షట్టరు దించుకుని మెట్ల దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

అక్క ముసలామెతో చౌరస్తాకి వెళ్లింది. పదినిమిషాల తర్వాత నేను ఇంటికి వెళ్లాను. మెట్ల దగ్గర ఆయన కాళ్లు చాపాడు.

"ఏం మేడమ్?"

"పప్పు సర్వేనండీ. మీ వంటింట్లో గిన్నెలు, పప్పు డబ్బాలు చూసి రాసుకోవాలి. మిగిలిపోయింది."

ఆయన నా మాట తీరు విని నవ్వాడు. "మీ ఆంధ్రోళ్లు పప్పు ఒండుడు గూడ మా దగ్గర్నే నేర్సుకోవాల్నా? పో, మంచిగ రాసుకో." కాళ్లు ముడుచుకున్నాడు. నా జీవితంలో నా యాస నాకు ఉపయోగపడింది ఆ ఒక్కరోజే.

పైన కోడలు చెప్పినవన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి చెప్తాను. "చివరిసారి ఇది ఎప్పుడు జరిగినది?" అన్న ప్రశ్నకి అయిదు జవాబులుంటాయి ఫారంలో: వారం, నెల, ఏడాది, అలా. ఆమె "పొద్దుగాల" అంది. దానికి గడి లేదు. నేను పక్కన ఖాళీలో రాశాను. నేను రాస్తుంటే ఆమే కాగితం జారకుండా పట్టుకుంది.

ఆఖరి ప్రశ్న, ఇంకేమైనా చెప్పదలిచారా అని.

"ఇయ్యాలనే పోవాలె" అంది. "మా అక్క చౌటుప్పల్‌ల ఉన్నది. ఫోను ఆయన గుంజుకున్నడు. నంబరు నోటికొచ్చు. జర కలుపు."

నా ఫోన్లో కలిపాను. బావ స్కూటరు మీద హయత్‌నగర్ దాకా వస్తానన్నాడు. అక్కడిదాకా వెళ్లడమెలా అన్నది తెలియదు. మంచం కింద ఆమె మూట ఎప్పుడో కట్టి పెట్టుకుంది. రెండు చీరలు, పిల్ల బట్టలు, డిగ్రీ సర్టిఫికెట్లు. ఆ మూటతో మెట్లు దిగితే కింద ఆయన కుర్చీ.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద ముసలామె గొంతు. "గా గంజు ఏ మూలకొస్తది? చాయ్ పెట్టుకోను పనికొస్తది. మాది తేవాలె." వెనకాలే అక్క ఆయాసం. గంజు అంటే పెద్ద వంట పాత్ర, మా వైపు గుండిగ. అక్క గదిలోకి తొంగిచూసింది. నా మొహం చూసింది, మూట చూసింది. వెనక్కి తిరిగి హాల్లో ముసలామెని ఆపేసి, "పెద్దమ్మా, గంజు నీ కోడలు దించుతది, నువ్వు జర కూసో. ఇన్నూరు మందికైతే కందిపప్పు ఎంత, నీళ్లు ఎంత?" అని గట్టిగా మొదలుపెట్టింది.

నేను అక్కని గదిలోకి లాగి చెవిలో అన్నాను. "అక్కా, మనం పరిశోధకులం. చీటీ ఇచ్చి వచ్చెయ్యాలి. ఇది రూలు కాదు."

"గంజు మొయ్యొద్దని రూలు రాసుందా?"

"లేదు."

"మరింకేంది?"

నేనూ కోడలూ సజ్జ మీంచి గంజు దించి, మూట అందులో పెట్టి, మూత పెట్టి, పాత తువ్వాలుతో చెవులకి బిగించాం. హాల్లో అక్క, పసుపు ఎంత, మిరపకాయలు ఎండువా పచ్చివా అని అరుస్తూనే ఉంది. పసుపు కాగితాలు అయిపోయి చేతి మీద రాసుకుంటోంది. గంజు బయటికి తెచ్చేసరికి ఒక చెవి కోడలు పట్టుకుంది. రెండో చెవి పట్టుకోవడానికి అక్క వంగేలోపే ముసలామె వచ్చి పట్టుకుంది.

"నా గంజు నేను మోస్త. నువ్వు పిల్లనెత్తుకో."

ఎత్తింది. ఒక్క క్షణం ఆగింది. దించి, చెయ్యి మార్చుకుని, మళ్లీ ఎత్తింది. నేను గోడకి ఆనుకుపోయాను. ఆవిడ మెట్ల వైపు నడిచింది.

కింద కొడుకు కుర్చీలోంచి లేవకుండానే, "అంత బరువేందే? ఏమున్నది అండ్ల?" అన్నాడు.

"బియ్యం పోసిన" అంది తల్లి. "జరుగు, తొవ్వకు అడ్డం కూసున్నవ్."

ఆయన కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. అత్తా కోడళ్లు చెరో చెవీ పట్టుకుని ఆయన ముందునుంచే వెళ్లారు. వెనక పిల్లని చంకనెత్తుకుని అక్క, ఆ వెనక ఫారాలు పట్టుకుని నేను. కోడలు బియ్యమని చెప్పి అత్తని నమ్మించిందనుకున్నాను.

చౌరస్తాలో పొగ, పాటలు, జెండాలు. హయత్‌నగర్ నుంచి కూరగాయలు తెచ్చిన వ్యాను ఒకటి దింపేసి వెనక్కి పోతోంది. అది మా సర్వే అక్క మరిదిది. గంజు కడుక్కొస్తామని చెప్పి మేం వ్యాను చాటుకి వెళ్లాం. తువ్వాలు ముడి ఎంతకీ రాలేదు, అంత గట్టిగా కట్టింది నేనే. అక్క పళ్లతో కూడా లాగి చూసింది. వ్యాను కదులుతోంది. ఇంక లాభం లేదని గంజుతో సహా ఎక్కించేశాం. ఖాళీ క్యాబేజీ సంచుల మధ్య, గంజుని పట్టుకుని, ఒళ్లో పిల్లతో ఆమె వెళ్లిపోయింది. పిల్ల మాకు చెయ్యూపింది. ఆమె ఊపలేదు, ఒక చేత్తో గంజు, ఇంకో చేత్తో పిల్ల.

గంజు ఎవరో ఎత్తుకెళ్లారని ముసలామెకి చెప్పాం. ఆవిడ మా మొహాలు చూసి, ఎవరిదో గంజులో పప్పు వండింది. దానికోసం జనం రెండుసార్లు వరస కట్టారు. నేను తిన్నాను. చింతపండు ముందేసిందో తర్వాతేసిందో చూడలేదు, కానీ అంత పప్పు మళ్లీ తినలేదు.

తర్వాత కొడుకు వారం రోజులు సందంతా అరిచాడు. చౌటుప్పల్ వెళ్లాడట, కోడలి బావా, బావ తమ్ముళ్లూ మాట్లాడాక వచ్చిన దారినే వచ్చాడట. మేడమ్ నన్ను పిలిచి పరిశోధన నియమాల మీద గంట సేపు చెప్పింది. ఫారం మాత్రం బాగా నింపానంది. మేమిద్దరం ఆ సందు వైపు వెళ్లడం మానేశాం.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పైన ఒక గది మా ఆఫీసు. నేనూ అక్కా ఫారాలు సర్దుతున్నాం. గుమ్మంలో నీడ పడింది. చూస్తే ఆ ముసలామె, చెమటలు కక్కుతూ.

"పసుపు కాయితాలామె ఈడనే ఉంటదా?"

అక్క లేచేసరికి ముడిలో పెన్నులు రెండు కింద పడ్డాయి. కోడలి అడ్రసు అడగడానికే వచ్చిందనుకున్నాను. చెప్పకూడదు, అబద్ధమాడాలి, ఏం అబద్ధమో తోచడం లేదు.

"నా గంజు యాడున్నది?"

"ఎతుకుతున్నం పెద్దమ్మా" అంది అక్క. "దొరుకుతది."

"ఎతుకకుండ్రి. ఆడనే ఉండనియ్. పోరికి నీళ్లు కాగవెట్టను పనికొస్తది." వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "నా గంజు ఎంత బరువుంటదో నాకెర్క లేదా? బియ్యం పోస్తే చప్పుడైతది. బట్టలకు చప్పుడుండది."

అక్క నీళ్లిచ్చింది. ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"వాడు గట్ల కొడుతుంటే తలుపు కాడ కావలున్నది నేనే. బయటికి మాట పోవద్దని. నా కాలంల మా అత్త గట్లనే కూసున్నది." గ్లాసు బల్ల మీద పెట్టి అంది, "వాడు గది నా దగ్గర నేర్సుకోలే. వాళ్ల నాయిన దగ్గర నేర్సుకున్నడు."

ఆవిడ భర్త పోయి ఇరవై ఏళ్లు దాటిందని తర్వాత తెలిసింది.

"గా పొద్దు నువ్వు నన్ను పప్పు అడిగినవ్. లోపట దాన్నేమో వేరే అడిగిండ్రు. గదేందో నన్ను గూడ అడుగుండ్రి. ఇన్నేండ్లల్ల ఎవ్వలడుగలే."

చదువుకున్న చదువు ఊరుకోదు కదా. మా పరిశోధనలో పదిహేనేళ్ల నుంచి నలభై తొమ్మిదేళ్ల దాకా ఉన్న ఆడవాళ్లనే అడగాలి. నలభై తొమ్మిది దాటితే ఆ ఫారం లెక్కలోకి రాదు, చించి పారేస్తారు. "అమ్మా, మా సర్వేలో ఏంటంటే..." అని మొదలుపెట్టాను. అక్క బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కింది. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చింది. కట్టలోంచి కొత్త తెల్ల ఫారం తీసింది. ఆవిడకి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"పేరు అక్కర్లేదు పెద్దమ్మా. వయసు చెప్పు."

"అరవై ఆరో, ఏడో."

అక్క తల వంచి, ఆవిడకి వినపడేలా ఒక్కొక్క అక్షరం పలుకుతూ నెమ్మదిగా రాసింది.

"నలభై తొమ్మిది."